మీకు తెలుసా? గుండెలోనూ శివారు ఉంటుంది

ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్లు వదిలారన్న కబురు రాగానే ఎగువన ఉన్న రైతు నారుమడికి బయల్దేరతాడు. నాగాయలంక, కృత్తివెన్ను వైపు శివారు రైతు మాత్రం గట్టు మీద నిలబడి ఎదురు చూస్తుంటాడు. నీళ్లుండటం వేరు, వేళకు అందడం వేరు. డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

గుండె వైద్యంలో సరిగ్గా ఈ తేడా మీదే నిలబడ్డ చికిత్స ఒకటుంది. పేరు కార్డియాక్ రీసింక్రనైజేషన్ థెరపీ. డాక్టర్లు పొట్టిగా సీఆర్‌టీ అంటారు. మూడు వైర్ల పేస్‌మేకర్ అంటే అందరికీ అర్థమవుతుంది. గుండె పంపింగ్ తగ్గి, నాలుగడుగులు వేస్తే ఆయాసం, కాళ్లకు నీరు, రాత్రిళ్లు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టని మనుషుల్లో కొందరిని ఇది లేపి మళ్లీ పొలం గట్టు మీద నడిపిస్తుంది. కొందరికి ఏ మార్పూ తేదు. తప్పు మనిషికి పెడితే చెరుపు కూడా చేస్తుంది. లక్షల ఖర్చు, ఒంట్లో శాశ్వతంగా ఉండిపోయే పరికరం. ఎవరికి పని చేస్తుందో ముందే చెప్పగలమా అని ముప్పై ఏళ్లుగా వైద్యలోకం వెతుకుతోంది. ఆ వెతుకులాటలో తేలిన సంగతులివి. విజయవాడ సూర్యారావుపేటలో, గవర్నరుపేటలో, ఆసుపత్రి వరండా బెంచీల మీద ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న వాళ్లను తలుచుకుంటూ రాశాను.

గుండెలోనూ బ్యారేజీ ఉంది, కాలువలున్నాయి

గుండె కొట్టుకోవడానికి కావలసిన విద్యుత్తు కుడివైపు పై గదిలో ఓ మూల పుడుతుంది. కింది గదులకు దిగే ముందు ఒక చిన్న ముడి దగ్గర సెకనులో పదోవంతు సేపు ఆగుతుంది. పై గదుల్లో ఉన్న రక్తం కిందికి దిగేదాకా ఆపి పట్టే బ్యారేజీ అది. జపాన్ వైద్యుడు సునావో తవారా 1906లో దాని సంగతి లోకానికి చెప్పాడు. అక్కడి నుంచి రెండు ప్రధాన కాలువలు బయల్దేరతాయి. కృష్ణకు తూర్పు కాలువ, పడమర కాలువ ఉన్నట్టే, కుడి కింది గదికి ఒకటి, ఎడమ కింది గదికి ఒకటి. తర్వాత పిల్లకాలువలు, బోదెలు. ఈ దారుల్లో విద్యుత్తు సెకనుకు 2 నుంచి 4 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. కాలువ లేని చోట ఒక కండకణం నుంచి పక్క కండకణానికి పాకాల్సి వస్తే ఆ వేగం మీటరు లోపుకు పడిపోతుంది.

ఇప్పుడు ఎడమ కాలువకు గండి పడిందనుకోండి. కుడి గదికి వేళకే అందుతుంది. ఎడమ గదికి మాత్రం చేను మీంచి చేనుకు మడవలు కొట్టి పారించినట్టు నెమ్మదిగా, ఆలస్యంగా చేరుతుంది. రెండు గదుల నడుమ ఉన్న గోడ ముందే ముడుచుకుంటుంది. ఎదురుగా ఉన్న బయటి గోడ అప్పటికి ఇంకా వదులుగానే ఉంటుంది. దాంతో నడిమి గోడ నెట్టిన రక్తం ఒంట్లోకి పోవాల్సింది పోయి ఆ వదులు గోడ వైపు ఊగుతుంది. బయటి గోడ మేల్కొని ముడుచుకునేసరికి నడిమి గోడ సడలిపోయి ఉంటుంది. కండ బలం ఉన్నా దెబ్బ దెబ్బకూ సగం పని వృథా. ఆ బయటి గోడే గుండెకు శివారు. ఈ గండికి డాక్టర్లు పెట్టిన పేరు లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్, క్లుప్తంగా ఎల్‌బీబీబీ.

సీఆర్‌టీలో మామూలుగా మూడు వైర్లుంటాయి. ఒకటి కుడి పై గదికి, ఒకటి కుడి కింది గదికి, మూడోది గుండె వెనక సిర గుండా దూరి ఎడమ గది బయటి గోడ మీదికి. శివారు చేలకు విడిగా తూము పెట్టి ఎగువతో పాటే నీళ్లివ్వడం లాంటిది. పాత పేస్‌మేకర్ గుండెకు వేగం ఇస్తుంది. ఇది గుండె గోడల మధ్య పొత్తు కుదురుస్తుంది. పొత్తు చెడని గుండెకు దీంతో ఏం పని? ఎవరికి పెట్టాలన్న ప్రశ్నంతా అక్కడే మొదలవుతుంది.

అన్నిటికన్నా బాగా జోస్యం చెప్పేది అన్నిటికన్నా చవకైన కాగితం

ఇంట్లో బీరువా మీద ఉండే పాత ఫైలు తీయండి. అందులో ఎర్ర గళ్ల ఈసీజీ కాగితం ఒకటి ఉంటుంది. ఇది రాసేముందు నేనూ ఒకటి బల్ల మీద పరిచి, గుండుసూదితో గళ్లు లెక్కపెట్టాను. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది కాబట్టి అతి చిన్న గడి ఒకటి 40 మిల్లీసెకన్లు. ప్రతి దెబ్బకూ లేచే నిటారు గీత కింది గదుల్లోకి విద్యుత్తు పాకడానికి పట్టిన సమయం. దాన్నే క్యూఆర్ఎస్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న గుండెలో అది రెండు, రెండున్నర చిన్న గళ్లలో ముగిసిపోతుంది. మూడు గళ్లు, అంటే 120 మిల్లీసెకన్లు దాటితే ఎక్కడో దారి చెడిందని అర్థం. మూడు గళ్ల మీద ముప్పావు దాటితే 150.

ఆ 150 చాలా పెద్ద అంకె. పంపింగ్ 35 శాతానికి పడిపోయి, మందులు సరిగ్గా వాడుతున్నా ఆయాసం తగ్గక, గుండె లయ సక్రమంగా ఉండి, ఎల్‌బీబీబీతో 150 దాటినవాళ్లకు సీఆర్‌టీ పెట్టాల్సిందేనని 2021లో ఐరోపా హృద్రోగ వైద్యుల సంఘం చెప్పింది. 130 నుంచి 149 మధ్యలో ఉంటే ఆలోచించి పెట్టవచ్చు అంది. 130 లోపయితే, వేరే కారణంతో పేస్‌మేకర్ అవసరం ఉంటే తప్ప వద్దంది.

యంత్రాలు ఈ అంకెను కాగితం పైభాగంలో వాటంతట అవే అచ్చు వేస్తాయి. అయితే ఒక యంత్రం 128 అంటే ఇంకొకటి 136 అనొచ్చు. హద్దు దగ్గర ఉన్న మనిషికి ఆ ఎనిమిది మిల్లీసెకన్లే తీర్పు. అలాంటప్పుడు డాక్టరు స్వయంగా గళ్లు కొలవాలి. కొలవమని అడగడం తప్పేమీ కాదు.

వెడల్పు ఒక్కటే చూస్తే సగం మోసపోతాం

కుడి కాలువకు గండి పడ్డా గీత వెడల్పవుతుంది. కానీ అక్కడ ఎడమ గదికి విద్యుత్తు వేళకే అందుతోంది. శివారుకు నీళ్లందుతున్నప్పుడు కొత్త తూము పెట్టి ఏం లాభం? అందుకే కుడి వైపు బ్లాక్ ఉన్నవాళ్లకు సీఆర్‌టీతో లాభం చాలా తక్కువ.

ఎడమ బ్లాక్ అని రాసినవన్నీ ఎడమ బ్లాకులు కావు. 2011లో అమెరికా పరిశోధకుడు డేవిడ్ స్ట్రాస్, ఆయన సహచరులు పాత కొలమానాలతో ఎల్‌బీబీబీ అని ముద్ర వేసినవాళ్లలో సుమారు మూడోవంతు మందికి కాలువ పూర్తిగా తెగి ఉండకపోవచ్చని వాదించారు. గుండె గోడ మందమైతే, గది పెద్దదైతే కూడా గీత వెడల్పవుతుంది. నిజంగా తెగిందనడానికి వాళ్లు రెండు గుర్తులు చెప్పారు. మగవాళ్లలో 140, ఆడవాళ్లలో 130 మిల్లీసెకన్లు ఉండాలి. గీత శిఖరం దగ్గర ఒక నొక్కు, లేదా జారుడు ఉండాలి. ఆ నొక్కు విద్యుత్తు నడిమి గోడ దాటి శివారు గోడకు పాకిన చోటు. కొండపల్లి గుట్టలకేసి చూస్తే రెండు శిఖరాల మధ్య కనబడే వంపులా ఉంటుంది, అంతే చిన్నది, అంతే స్పష్టం.

మొదటి రోగి బరువు ఆరు వారాల్లో 17 కిలోలు తగ్గింది

1994లో ఫ్రాన్స్‌కు చెందిన సెర్జ్ కాజో బృందం 54 ఏళ్ల మనిషి గురించి రాసింది. గుండె వైఫల్యంలో ఆఖరి దశ. ఎల్‌బీబీబీ ఉంది, వెడల్పు 200 మిల్లీసెకన్లు, అంటే కాగితం మీద అయిదు చిన్న గళ్లు. నాలుగు గదులకూ వైర్లు పెట్టి పొత్తు కుదిర్చారు. ఆరు వారాల్లో ఒంట్లో పట్టిన నీరు దిగి 17 కిలోలు తగ్గాడు. తెలిసో తెలియకో వాళ్లు ఎంచుకున్న మొదటి మనిషి, ఈ వైద్యానికి సరిగ్గా సరిపోయే మనిషి. ఆ తర్వాత ఛాతీ తెరవకుండా సిర గుండా మూడో వైరు పంపే పద్ధతిని ఫ్రాన్స్‌లోనే రెన్ నగరంలో జాన్ క్లోడ్ డోబెర్ బృందం అభివృద్ధి చేసింది.

ఆశ్చర్యమేమంటే ఇందులోని కీలకమైన ఊహ అంతకు ఏడు దశాబ్దాల ముందే ఉంది. గుండెకు సహజమైన దారిలో కాక పక్క నుంచి విద్యుత్తు ఇస్తే దాని దెబ్బ బలహీనపడుతుందని అమెరికా శాస్త్రవేత్త కార్ల్ విగ్గర్స్ 1925లోనే చూపించాడు.

బాగుపడేది ముగ్గురిలో ఇద్దరే

2002లో వచ్చిన మిరకిల్ పరీక్షలో 453 మంది పాల్గొన్నారు. సీఆర్‌టీ పనిచేయించినవాళ్లు ఎక్కువ దూరం నడవగలిగారు, ఆసుపత్రిలో చేరడం తగ్గింది. 2005లో కేర్ హెచ్‌ఎఫ్ పరీక్ష ప్రాణాల లెక్కే చెప్పింది. ఐరోపాలో 813 మందిని సుమారు రెండున్నరేళ్లు చూశారు. మందులు మాత్రమే వాడినవాళ్లలో 30 శాతం మంది, సీఆర్‌టీ కూడా ఉన్నవాళ్లలో 20 శాతం మంది చనిపోయారు. గుండె వైఫల్యంలో ఒక పరికరం ఇంతమందిని కాపాడటం చిన్న విషయం కాదు.

అయినా పెట్టించుకున్న ముగ్గురిలో ఒకరికి ఆశించినంత మేలు కనిపించదన్న మాట అప్పటి నుంచి ఇప్పటిదాకా అలాగే ఉంది. మేలు అంటే ఏమిటన్నది మళ్లీ వేరే తగువు. ఆరు నెలల తర్వాత ఎకోలో ఎడమ గది పరిమాణం కనీసం 15 శాతం తగ్గితే పనిచేసినట్టు అని ఒక లెక్క. మనిషి తేలిగ్గా మెట్లెక్కితే పనిచేసినట్టని ఇంకో లెక్క. రెండూ ఎప్పుడూ కలవవు. నాకు మూడో లెక్క కూడా ముఖ్యమే అనిపిస్తుంది. నెల నెలా దిగజారుతున్న మనిషి ఉన్నచోట నిలబడితే, ఎకో మారలేదని అతన్ని విఫలమైనవాళ్ల జాబితాలో వేయడం న్యాయం కాదు.

ఎకో చూసి చెప్పబోతే ఏం జరిగిందంటే

గోడలు పొత్తు తప్పి కొట్టుకోవడమే జబ్బయితే, ఆ పొత్తును కళ్లారా చూపించే టూడీ ఎకో కదా అన్నిటికన్నా బాగా చెప్పాలి? ఎవరికైనా అలాగే తోస్తుంది. పదేళ్ల పాటు గుండె డాక్టర్లకూ అలాగే తోచింది. ఏ గోడ ఎన్ని మిల్లీసెకన్లు ఆలస్యమో కొలిచే పద్ధతులు డజన్ల కొద్దీ పుట్టాయి. ఒక్కో కేంద్రం తన పద్ధతే గొప్పదని చెప్పింది.

2008లో ప్రాస్పెక్ట్ పరీక్ష వాటిని బరిలో దింపింది. 53 కేంద్రాలు, 498 మంది రోగులు, 12 రకాల ఎకో కొలతలు. ఒక్క కొలత కూడా ఎవరికి మేలు జరుగుతుందో నమ్మకంగా చెప్పలేకపోయింది. అంతకన్నా ఇబ్బందికరమైనది ఇంకోటి బయటపడింది. ఒకే మనిషి ఎకో బొమ్మలను ఇద్దరు నిపుణులు చూస్తే చెప్పే అంకెలు చాలాసార్లు కలవలేదు.

అక్కడితో ఆగలేదు. ఈసీజీ గీత సన్నగానే ఉన్నా ఎకోలో పొత్తు తప్పినట్టు కనబడితే సీఆర్‌టీ పెట్టవచ్చేమో అన్న ఆశ మిగిలింది. దాన్ని తేల్చడానికి ఎకో సీఆర్‌టీ అనే పరీక్ష జరిగింది. 130 మిల్లీసెకన్ల లోపు ఉన్న 809 మందికీ పరికరం అమర్చి, సగంమందిలో సీఆర్‌టీ పనిచేయించారు, సగంమందిలో ఆపి ఉంచారు. లాభం లేదని మధ్యలోనే పరీక్ష ఆపేశారు. 2013లో వచ్చిన ఫలితం చూడండి. పనిచేయించినవాళ్లలో 45 మంది, ఆపి ఉంచినవాళ్లలో 26 మంది చనిపోయారు. సక్రమంగా పారుతున్న కాలువకు పక్క నుంచి కొత్త తూము తవ్వితే గట్టు బలహీనపడదా? ఈ ఒక్క అంకె చాలు, 'ఎందుకైనా మంచిది, పెట్టించేద్దాం' అనే మాటను ఇంట్లో ఎవరూ అనకుండా ఉండటానికి.

ఎకో దండగని దీని అర్థం కాదు. పంపింగ్ ఎంతో, కవాటం లీకవుతోందో లేదో చెప్పాల్సింది అదే. ఎల్‌బీబీబీ ఉన్న గుండెలో నడిమి గోడ దెబ్బ మొదట్లోనే ఒక్కసారి లోపలికి తటాలున కదలడం, గుండె కొన ఊగడం అనుభవమున్న కంటికి కొలతలేవీ లేకుండానే కనబడతాయి. ఆ రెండూ ఉన్నవాళ్లకు మేలు ఎక్కువని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. అంకెలు ఓడిన చోట చూపు గెలిచింది.

మచ్చ పడిన గోడకు తూము పెట్టినా నీరు పారదు

హార్ట్ ఎటాక్ వచ్చిన చోట కండ చచ్చి మచ్చగా మారుతుంది. చౌడు పట్టిన చేను లాంటిది. మూడో వైరు కొన సరిగ్గా ఆ మచ్చ మీద పడితే విద్యుత్తు ముందుకు పాకదు. అందుకే రక్తనాళాలు బాగానే ఉండి గుండె కండ మాత్రమే బలహీనపడ్డవాళ్లు, ఎటాక్ వచ్చినవాళ్ల కన్నా ఎక్కువగా కోలుకుంటారు. మచ్చ ఎక్కడుందో, ఎంతుందో చూపించేది ఎంఆర్ఐ.

ఇది మన వైపు మరింత పట్టించుకోవాల్సిన విషయం. 2013లో తిరువనంతపురం జిల్లా ఆసుపత్రుల్లో గుండె వైఫల్యంతో చేరిన 1,205 మందిని నమోదు చేస్తే, 72 శాతం మందికి మూలం రక్తనాళాల జబ్బే. సగటు వయసు 61. మన పక్కనే గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003, 2004 సంవత్సరాల్లో జరిగిన ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ సర్వేలో 1,354 మరణాలను పరిశీలించారు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవి. పల్లెల్లో జనం అంటురోగాలతోనే పోతారనుకునే రోజులు డెల్టాలో ఎప్పుడో వెళ్లిపోయాయి. కృష్ణా డెల్టా తిండి, పని, జీవితం ఆ జిల్లాలకు పెద్ద దూరమేమీ కాదు. మచ్చలున్న గుండెలు ఎక్కువగా ఉన్నచోట, వైరు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు విలువ ఎక్కువ.

వైరు కొన గుండె కొసకు దగ్గరగా కాకుండా బయటి గోడ మధ్యభాగంలో పడితే మంచిది. 2012లో వచ్చిన టార్గెట్ అనే పరీక్షలో 220 మందిని తీసుకుని, సగంమందిలో ఆలస్యంగా ముడుచుకునే చోటును ముందే గుర్తించి, మచ్చను తప్పించి వైరు పెట్టారు. ఆ జాగ్రత్త తీసుకున్నవాళ్లలో 70 శాతం, మామూలుగా పెట్టించుకున్నవాళ్లలో 55 శాతం మందికి గుండె పరిమాణం తగ్గింది. అయితే సిరలు దేవుడు గీసిన దారులు. కావలసిన చోటికి సిర లేకపోతే ఎంత నేర్పున్న చెయ్యి అయినా అక్కడికి చేరలేదు.

ఆడవాళ్లకు ఎక్కువ మేలు, అయినా వాళ్లకే తక్కువగా పెడతారు

2009లో వచ్చిన మాడిట్ సీఆర్‌టీ పరీక్షలో 1,820 మందిలో స్త్రీలు 453 మందే. వాళ్లలో మరణం లేదా గుండె వైఫల్యం ముప్పు 69 శాతం తగ్గితే, మగవాళ్లలో తగ్గింది 28 శాతం. 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరిశోధకులు పెద్ద పరీక్షలను కలిపి చూసినప్పుడు, ఎల్‌బీబీబీ ఉండి 130 నుంచి 149 మధ్య ఉన్న స్త్రీలకు కూడా గట్టి లాభం కనబడింది. అదే వెడల్పున్న మగవాళ్లకు స్పష్టమైన లాభం కనబడలేదు.

కారణం వినడానికి తేలికే. చిన్న గుండెలో 140 మిల్లీసెకన్లంటే పెద్ద గుండెలో 140 కన్నా ఎక్కువ ఆలస్యం. అరెకరం చేనుకు రెండు గంటలు పడితే ఎక్కడో అడ్డుందని అనుమానించాలి, అయిదెకరాలకు పడితే అనక్కర్లేదు. మనిషి ఎత్తును లెక్కలోకి తీసుకుంటే స్త్రీ పురుష తేడాలో చాలా భాగం వివరించవచ్చని 2018లో ఒక సంయుక్త విశ్లేషణ చెప్పింది. అంటే పొట్టిగా ఉన్న మనిషి విషయంలో 150 అన్న గీటును మరీ బిగదీసి పట్టుకోకూడదేమో.

మన ఇళ్లలో అమ్మకు ఆయాసమొస్తే ఒళ్లు వచ్చిందంటాం, వయసంటాం, గ్యాసంటాం. నీళ్ల బిందె ఎత్తలేకపోతోందని కోడలు గమనించేదాకా ఈసీజీ తీయించం. ఎక్కువ మేలు పొందగలిగిన మనిషి అందరికన్నా చివర ఆసుపత్రికి చేరుతుంది. నాకు ఇది చాలా బాధ కలిగించే సంగతి.

నాడి తాళం తప్పితే 98 చాలదు

మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే లయ లేకుండా ఎగుడుదిగుడుగా తగిలే జబ్బు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పై గదులు క్రమం తప్పి వణుకుతుంటే, పరికరం తన వంతు వచ్చేలోపే గుండె సొంతంగా కొట్టేస్తుంది. కూచిపూడి మేళంలో నట్టువాంగం ఒక తాళం, పాదాలు ఇంకో తాళం అయినట్టు. సుమారు 37 వేల మంది పరికరాల రికార్డులు చూసి 2011లో తేల్చిందేమంటే, దెబ్బల్లో 98.5 శాతానికి పైగా పరికరమే నడిపించినవాళ్లు ఎక్కువ కాలం బతికారు. 90 శాతమంటే పరీక్షలో మంచి మార్కులు, ఇక్కడ మాత్రం తక్కువ. పరికరం పెట్టించుకున్నవాళ్లు చెకప్‌కు వెళ్లినప్పుడు ఈ శాతం ఎంతని అడగాలి. తక్కువైతే మందులతోనో, అవసరమైతే పై నుంచి కిందికి దారి మూసే చిన్న ప్రక్రియతోనో పెంచుతారు.

కొన్ని గుండెలు పరికరం లేకుండానే లేస్తాయి

పంపింగ్ తగ్గిందని తెలిసిన రోజే పరికరం మాట ఎత్తకూడదు. గుండె వైఫల్యానికి ఇప్పుడు నాలుగు రకాల మందులున్నాయి. అవి సరైన మోతాదులో కనీసం మూడు నెలలు వాడాక మళ్లీ ఎకో తీయాలి. కాన్పు సమయంలో వచ్చినవి, మద్యం వల్ల వచ్చినవి, థైరాయిడ్ వల్ల, ఎడతెగని గుండెదడ వల్ల వచ్చినవి మందులతోనే చాలావరకు కోలుకోవచ్చు.

హైదరాబాద్‌లో డాక్టర్ కాలంబూర్ నరసింహన్, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ప్రమాదకరమైన గుండెదడతో వచ్చిన కొందరిలో గుండె కండలో కణుపులు, ఛాతీలో ఉబ్బిన గ్రంథులు ఉన్నాయని, మూలం సార్కాయిడోసిస్ లేదా క్షయ అని వాళ్లు చూపించారు. చిన్న వయసులో, రక్తనాళాలు శుభ్రంగా ఉండి, గుండె విద్యుత్తు దారి చెడితే ఆ కోణంలోనూ వెతకాలి. అక్కడ వైరు కన్నా ముందు వైద్యం చేయాల్సింది మూలజబ్బుకు.

ఒక్కోసారి గండి కొట్టేది పేస్‌మేకరే

గుండె వేగం బాగా తగ్గినవాళ్లకు పెట్టే మామూలు పేస్‌మేకర్ ప్రాణదాత, అందులో సందేహం లేదు. కానీ దాని వైరు కుడి కింది గదిలో ఉంటుంది. రోజంతా అదే నడిపిస్తే ఎడమ గదికి విద్యుత్తు ఎప్పుడూ ఆలస్యమే. అచ్చం ఎల్‌బీబీబీ. ఏళ్లు గడిచాక కొందరిలో పంపింగ్ పడిపోతుంది. 2023లో వచ్చిన బుడాపెస్ట్ సీఆర్‌టీ పరీక్షలో అలాంటి 360 మందిని తీసుకున్నారు. సీఆర్‌టీకి మార్చినవాళ్లలో 32 శాతం మందికి, మార్చనివాళ్లలో 79 శాతం మందికి మరణం, ఆసుపత్రి చేరిక, లేదా గుండె పరిమాణం తగ్గకపోవడం జరిగింది. ఇంట్లో పెద్దాయనకు ఎనిమిదేళ్ల కిందట పేస్‌మేకర్ పెట్టి, ఈ మధ్య కొత్తగా ఆయాసం మొదలైతే బ్యాటరీ ఒక్కటే చూసి ఊరుకోకండి. ఎకో కూడా తీయించండి.

ఇంధనం ఆదా అయ్యే వైద్యం

గుండె దెబ్బను బలపరిచే మందులు కొన్నున్నాయి. అవి అలసిన ఎద్దును ములుగర్రతో పొడిచినట్టు, బలం తెప్పిస్తాయి గానీ ఇంధనం ఎక్కువ తాగిస్తాయి. సీఆర్‌టీ తీరు వేరు. 2000 సంవత్సరంలో ఎల్‌బీబీబీ ఉన్న కొద్దిమంది రోగుల్లో కొలిచినప్పుడు గుండె బలం పెరిగింది, అది వాడే ఆక్సిజన్ మాత్రం కాస్త తగ్గింది. గోడలు ఒకదాన్ని ఒకటి నెట్టుకోవడం మానేస్తే మిగిలే శక్తి అది.

ఆ ఇంధనం సంగతి మొదట బయటపెట్టినవాళ్లలో మన భీమవరం బిడ్డ ఉన్నాడు. 1895లో అక్కడ పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండల్లో శక్తి నిల్వ ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత 1929లో ఏటీపీని వేరుచేశాడు. ప్రతి గుండె దెబ్బా ఆ ఏటీపీ ఖర్చుతోనే.

కొత్త తూము కాదు, గండినే పూడ్చడం

2017లో చైనాలోని వెన్జౌ నగరంలో హువాంగ్ వైజియాన్ బృందం ఇంకో దారి చూపింది. వెనక సిర గుండా శివారుకు వెళ్లే బదులు, నడిమి గోడలోకే వైరును మరమేకులా తిప్పి దింపి, తెగిన చోటుకు దిగువన ఎడమ కాలువనే పట్టుకోవడం. కాలువ దొరికితే పిల్లకాలువలన్నీ వాటంతట అవే పారతాయి. దీనికి చాలాసార్లు మామూలు రెండు వైర్ల పేస్‌మేకరే సరిపోతుంది కాబట్టి ఖర్చు తగ్గుతుంది. మన దేశంలోనూ ఇది చేస్తున్నారు. మచ్చలతో గట్టిపడ్డ గోడలోకి వైరు దిగకపోవచ్చు, కాలువ దిగువన ఎక్కడో తెగి ఉంటే పట్టుకున్నా లాభం ఉండకపోవచ్చు. కాబట్టి ఎవరికి అన్న ప్రశ్న ఇక్కడా పోలేదు. మూడు వైర్ల పద్ధతికి దీటో కాదో తేల్చే పెద్ద పరీక్షలు నడుస్తున్నాయి.

క్యాథ్‌ల్యాబ్‌లో ఆ క్షణం ఎలా ఉంటుందంటే, డాక్టరు వేళ్ల మధ్య వైరును ఒక్కో చుట్టు తిప్పుతుంటాడు. టెక్నీషియన్ కళ్లు మానిటర్ మీద ఉంటాయి. ఒక చుట్టు దగ్గర నాలుగు గళ్ల వెడల్పున్న గీత ఉన్నట్టుండి సన్నబడుతుంది. మత్తు లేకుండా బల్ల మీద పడుకుని ఉన్న మనిషికి ఏమీ తెలియదు. 'అయ్యిందా బాబూ?' అని అడుగుతాడు.